వెనకాల చప్పుడు

మా ఆయన చప్పట్లు కొడతారు. మెచ్చుకోలుగా కాదు లెండి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా వంటకి ఒక్క చప్పట పడిన పాపాన పోలేదు. ఏ ఇంటికి తీసుకెళ్ళినా హాలు నడిమధ్య నిలబడి, తల కాస్త పక్కకి వాల్చి, ఠప్పుమని ఒక్కటి కొట్టి, గోడలు ఏం జవాబిస్తాయో వింటారు. గృహప్రవేశాల్లో కొట్టారు, నిశ్చితార్థాల్లో కొట్టారు. పోయినేడు మా చిన్నాన్న పోతే పరామర్శకి బందరు వెళ్ళాం. చాపల మీద పాతికమంది కూర్చుని ఉండగా అక్కడా కొట్టారు. మా పిన్ని ఏడుపు ఆపి తలెత్తి చూసింది. ఈయన ఏమాత్రం తడుముకోకుండా, "హాలు బాగా మోగుతోందండీ, రెండు మందపాటి కర్టెన్లు పడితే సర్దుకుంటుంది" అన్నారు. మర్నాడు పిన్ని మా అమ్మకి ఫోన్ చేసి, "ఆస్మా మొగుడికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగిందట. ఒంట్లో బాగానే ఉంది. జబ్బంతా చెవుల్లోనే ఉంది.

ఆయన పేరు బాజీ. బందరు రోడ్డులో పరుపుల షోరూం ఉంది. ఊరందరినీ నిద్రపుచ్చే వ్యాపారం చేస్తూ, తను మాత్రం ఏ స్పీకరు ఎంత దూరంలో పెట్టాలా అని ఆలోచిస్తూ మేలుకునే ఉంటారు. మా అమ్మాయి ఆస్రా పెళ్ళయి గుంటూరు వెళ్ళాక భవానీపురంలో మా మేడ మీద గది ఖాళీ అయింది. అందులో నేను కుట్టుమిషను, నా పుస్తకాల బీరువా పెట్టుకుంటానని చెప్పాను. "అలాగే" అన్నారు. ఆ 'అలాగే' నోట్లో ఉండగానే, పాటలు వినే గది కోసమని మేస్త్రీని పిలిచారు.

తరవాత పది నెలలు మా ఇంట్లో గది కట్టారో, గుడ్డు పొదిగారో చెప్పలేను. ఉన్న గోడలకి లోపల ఇంకో గోడ. గోడకీ గోడకీ మధ్య ఇసక. తలుపు ఎంత బరువంటే, తెరవడానికి నేను రెండు చేతులూ వాడాలి. కిటికీలు మూసేశారు. మే నెలలో కిటికీలు మూసుకుని కూర్చునే ఊరా ఇది? ఏసీ పెట్టించారు, కానీ పాట వినేటప్పుడు ఏసీ ఆపాలట, దాని గుర్రు పాటలో కలుస్తుందట. పాట అయ్యేలోపు మనం అయిపోతామన్నమాట.

ఈ జబ్బులో ఆయనకి గురువు తిరుపతిరావుగారు. కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యారు. మా వీధి చివరి ఇల్లే. ఆయన సలహా మీద ఎర్తింగ్ కోసం పెరట్లో ఆరడుగుల గొయ్యి తీసి, బొగ్గులూ ఉప్పూ పోసి, రాగి రేకు పాతారు. ఎదురింటావిడ వచ్చి "బోరా అండీ?" అంది. "కాదండీ, కరెంటు శుభ్రం చెయ్యడానికి" అన్నాను. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను నుంచి వచ్చే కరెంటు మా ఇంటికొచ్చేసరికి అంత మురికి పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తరవాత సామాను దిగింది. మనిషెత్తు స్పీకర్లు రెండు. పాతకాలపు రేడియోలోలాగా గాజు గొట్టాలు వెలిగే యాంప్లిఫయరు. ఎనిమిదిమంది మోస్తే గానీ లేవని రాతిబల్ల, దాని మీద రికార్డులు తిప్పే పళ్ళెం. గోడలకీ మూలలకీ గుడ్డ చుట్టిన పలకలు బిగించారు, చప్పుడుని మింగేయడానికి.

మా అత్తగారు బీబీజాన్ ఆ పలకల్లో ఒకదాన్ని కింద ఉండగానే వేలితో నొక్కి చూశారు.

"ఏందిరా ఇందులో కూరింది?"

"గాజు పీచమ్మా. బయట దేశం నుంచి తెప్పించాను."

"గాజు పీచా! ఊళ్ళో దూది కరువొచ్చిందా? దూదేకే మీరావలి కొడుకు గోడలకి గాజు కూరాడంటే నలుగురూ నవ్విపోతార్రా."

ఈయన పగలబడి నవ్వారు. ఆయనకి అది దాచుకునే సంగతి కాదు. షోరూంకి వచ్చినవాళ్ళకి కూడా చెబుతారు, మా నాయన విల్లు భుజాన వేసుకుని చల్లపల్లి నుంచి కూచిపూడి దాకా ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడని. దాచుకున్నది నేను. మా నాన్న బందరులో హెడ్మాస్టరు, నేను ఎమ్మే చదివాను. ఈ కాలనీకి వచ్చిన కొత్తలో తిరుపతిరావుగారి భార్య సుబ్బరత్నంగారు, "మీ మామగారు ఏం చేసేవారండీ?" అని అడిగారు. "పత్తి వ్యాపారం" అన్నాను. పత్తీ ఉంది, వ్యాపారమూ ఉంది, కాబట్టి అబద్ధం కాదని సరిపెట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా ఆ పత్తి వ్యాపారమే నడుపుకొస్తున్నాను.

ఆ మామగారిని నేను చూడలేదు. నా పెళ్ళికి ఏడేళ్ళ ముందే పోయారు. రేషన్ కార్డు మీది ఫోటో ఒక్కటే ఉంది, అందులోనూ సగం మొహం మీద స్టాంపు పడింది.

గది పూర్తి కావస్తుండగా ఒకరోజు అన్నాలప్పుడు అత్తగారు కొడుకుని ఒక కోరిక కోరారు. ఆవిడ ఏదీ కోరే మనిషి కాదు. చీర తెస్తే "ఉన్నయి కదా" అంటారు, పండు కోసిస్తే సగం నాకే మిగులుస్తారు.

"ఇంత చేస్తున్నావు, నా క్యాసెట్టు వినిపిస్తావా అందులో?"

ఆవిడ ట్రంకుపెట్టెలో, బిస్కెట్ల డబ్బాలో, చేతిరుమాల్లో చుట్టి ఉన్న క్యాసెట్టు అది. ఆవిడ తమ్ముడు శిలార్ కువైట్‌లో డ్రైవరుగా ఉండేవాడు. అక్కకి రాయడం రాదు, తమ్ముడికి చదవడం అంతంతమాత్రం. అందుకని టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, క్యాసెట్టు పోస్టు చేసేవాళ్ళు. అతను విని, దాని మీదే తన జవాబు చెప్పి తిప్పి పంపేవాడు. కొత్త మాట పడ్డప్పుడల్లా పాత మాట చెరిగిపోయేది. ఏళ్ళ తరబడి అలా ఒకరి కబుర్లు ఒకరు చెరుపుకుంటూ పోగా, ఎనభై తొమ్మిదిలో ఆవిడ పంపిన ఆఖరిది ఒక్కటే మిగిలింది. దానికి అతను జవాబు చెప్పలేదు, క్యాసెట్టు జేబులో వేసుకుని తనే వచ్చేశాడు. ఇప్పుడు అతనూ లేడు. టేపురికార్డరు ఎప్పుడో మూలపడింది. ముప్పై ఏళ్ళుగా ఆ క్యాసెట్టుని ఎవరూ వినలేదు.

"మీ నాయన కూడా ఉన్నాడందులో" అన్నారు అత్తగారు. "నాకు కుడి చెవి పోయింది. ఎడమది కూడా ఏడాది కంటే నమ్మకం లేదన్నాడు డాక్టరు. వినపడుతుండగానే ఒక్కసారి వింటాను నాయనా."

మా ఆయన అన్నం కలపడం ఆపేశారు. పదహారేళ్ళప్పుడు తండ్రి పోయాడు ఆయనకి. తండ్రి గొంతు ఎలా ఉండేదో గుర్తు లేదని నాతో ఒకటి రెండు సార్లు అన్నారు, అదేదో తన తప్పయినట్టు.

"గదిలో మొట్టమొదట మోగేది అదేనమ్మా. ముందుగా నేను కూడా వినను. ఇద్దరం కలిసే విందాం" అన్నారు.

క్యాసెట్టు తీసుకెళ్ళి గవర్నరుపేటలో హర్షవర్ధన్ అనే ఆయన స్టూడియోలో ఇచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, పాత టేపులని కంప్యూటర్లోకి ఎక్కించడంలో మంచి పేరుంది. ఆ వారమే ఈయన పరుపుల కంపెనీ మీటింగుకి కోయంబత్తూరు వెళుతూ నా నంబరు ఇచ్చి వెళ్ళారు.

పొద్దున పదకొండు గంటలకి ఫోన్ వచ్చింది. గోంగూర ఏరుతున్నాను. అత్తగారు పెరట్లో ఎండలో కూర్చుని ఉన్నారు.

"మేడమ్, హర్షవర్ధన్‌నండీ, స్టూడియో నుంచి. మీ క్యాసెట్టు ఎక్కించానండీ. బూజు పట్టేసింది. ఒకేఒక్కసారి తిరిగింది, తిరుగుతూనే పైపూత అంతా పొడిలాగా రాలిపోయింది. ఇంక అది ఉత్త ప్లాస్టిక్ రిబ్బనేనండీ. కానీ భయం లేదు, మొత్తం నా సిస్టంలో పడింది."

"అమ్మయ్య" అన్నాను.

"పెద్దావిడ గొంతు ఎంత బాగుందోనండీ. కాకపోతే వెనకాల ఒక చప్పుడు, మొదట్నుంచీ చివరిదాకా. ముందు మోటారేమో అనుకున్నాను, కాదు. ఒక్క నిమిషం, వినిపిస్తాను."

ఫోన్లో మా అత్తగారి వయసులో ఉన్నప్పటి గొంతు లీలగా వినిపించింది. దాని వెనక టుంయ్, టుంయ్, టుంయ్, టక్.

మొదటి దెబ్బకే తెలిసింది నాకు. బందరులో మా వీధిలోకి వేసంకాలం దూదేకే అతను వచ్చేవాడు. మనిషంత విల్లు, దానికి బిగించిన నరం తంతి, డంబెల్ లాంటి చెక్క గుండుతో దాని మీద కొడుతుంటే దూది మబ్బులా లేచేది. మా క్లాసులో ఒక దూదేకేవాళ్ళ అమ్మాయి ఉండేది. ఆ పిల్ల లోపలికి రాగానే వెనక బెంచీల వాళ్ళు 'టుంయ్ టుంయ్' అనేవాళ్ళు. హెడ్మాస్టరు గారమ్మాయిని, నేను అనలేదు. నవ్వాను.

"ఏంటండీ ఈ చప్పుడు, మీకేమన్నా తెలుసా?" అన్నాడు హర్షవర్ధన్.

"తెలీదండీ" అన్నాను.

గది ప్రారంభానికి తిరుపతిరావుగారు, సుబ్బరత్నంగారు వస్తారు. నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో, మనిషెత్తు స్పీకర్లలోంచి ఈ చప్పుడు అరగంట మోగుతుంది. "అదేమిటండీ?" అని ఆవిడ అడుగుతారు. ఈయన సంతోషంగా చెబుతారు. ఆవిడ నా వైపు తిరిగి, "పత్తి వ్యాపారం అన్నట్టు గుర్తండీ" అంటారు. ఇదంతా నా కళ్ళముందు సినిమాలా తిరిగింది.

"తీసేయొచ్చాండీ?" అని అడిగాను.

"సుబ్బరంగా తీసేయొచ్చు. అమ్మగారి గొంతు అద్దంలా వస్తుంది."

'మీ నాయన కూడా ఉన్నాడందులో' అన్న మాట గుర్తు రాలేదని చెప్పలేను. వచ్చింది. ఆయన ఎక్కడో నాలుగు మాటలు మాట్లాడి ఉంటారు, చప్పుడు పోతే ఆ మాటలు ఇంకా బాగా వినిపిస్తాయి అనుకున్నాను. నాకు ఏది అనుకోవడం వీలుగా ఉందో అదే అనుకున్నాను.

"తీసేయండి."

"అలాగే మేడమ్. ముందుది కూడా ఒక కాపీ ఉంచుతాను, సార్ అడిగితే..."

"వద్దండీ బాబూ! రెండూ ఇచ్చారంటే ఆయన పక్కపక్కన పెట్టుకుని ఏది బాగుందో తేల్చడానికి ఆర్నెల్లు కూర్చుంటారు. మాకు అన్నం పెట్టే దిక్కుండదు. శుభ్రం చేసింది ఒక్కటే ఇచ్చి, ముందుది చెరిపేయండి."

హర్షవర్ధన్ నవ్వాడు. నేనూ నవ్వాను. గోంగూర ఏరడం పూర్తి చేసి, పప్పులో వేశాను.

మూడు నెలలకి గది సిద్ధమైంది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ముహూర్తం. సేమ్యా పాయసం చేశాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయనా తిరుపతిరావుగారూ చెరోవైపు పట్టుకుని మేడ మీదికి మోశారు. "పెళ్ళికి కూడా నన్ను ఇట్టా ఊరేగించలేదు" అని ఆవిడ దారంతా నవ్వుతూనే ఉన్నారు.

ఆ గదిలో సరిగ్గా వినపడే చోటు ఒక్కటే. అక్కడ ఆవిడని కూర్చోబెట్టి, ఎడమ చెవి ముందుకొచ్చేలా కుర్చీ కాస్త తిప్పారు. మేమంతా వెనక నిలబడ్డాం. ఏసీ ఆపారు. తలుపు మూశారు. నా ఊపిరి నాకే వినపడింది.

"తమ్ముడూ శిలారూ, నేనురా, అక్కని."

మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుంది. నలభై ఒక్క ఏళ్ళ బీబీజాన్. నేనెరగని గొంతు, చురుకైన గొంతు. మాటకీ మాటకీ మధ్య ఉమ్మి మింగడం కూడా వినిపిస్తోంది. సుబ్బరత్నంగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

గేదె ఈనింది. వాన కురిస్తే వంటింట్లో మూడుచోట్ల గిన్నెలు పెడుతున్నాం. బాజీగాడికి లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి, కాలిక్కిలేటరు పంపమంటున్నాడు, పంపబాకు. మేమంతా నవ్వాం. అత్తగారు కూడా నవ్వారు. నవ్వుతూనే తల కొద్దిగా పక్కకి తిప్పారు. చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

"సౌండు పెంచరా."

ఈయన పెంచారు.

"మీ బావకి ఈ మధ్య కోపం ఎక్కువైంది తమ్ముడూ, కూరలో ఉప్పు లేదని నిన్న అలిగి పడుకున్నాడు" అంటోంది స్పీకర్లలో బీబీజాన్. ఆ మాట దగ్గర కుర్చీలో బీబీజాన్ ముందుకి వంగారు. ఏదో రావాలన్నట్టు చూశారు. ఏమీ రాలేదు. మాట తరవాత మాట, మధ్యలో పట్టులాంటి నిశ్శబ్దం.

"మీ నాయనేడిరా?"

"వస్తాడమ్మా, ఉండు. చివర్లో ఉందేమో."

ఇరవై ఎనిమిది నిమిషాలు. "ఉంటాను తమ్ముడూ, ఒళ్ళు జాగర్త, మీ బావ కూడా నిన్ను అడుగుతున్నాడు" అనడంతో అయిపోయింది. అత్తగారు ఇంకా వింటూనే ఉన్నారు.

"అయిపోయిందమ్మా" అన్నారు ఈయన.

"మీ నాయన లేడు."

"మాట్లాడలేదమ్మా ఆయన. నువ్వు మరిచిపోయి ఉంటావు."

"మాట్లాడాడని నేనెప్పుడన్నాన్రా? ఆ మిషను ముందు నోరు తెరిచే మనిషా ఆయన? నేను లోపల కూర్చుని మాట్లాడుతుంటే, అరుగు మీద దూది ఏకుతుండేవాడు. ఆ విల్లు చప్పుడేరా. అది ఉండాలి." ఆవిడ గొంతు పెద్దది కాలేదు, ఇంకా తగ్గింది. "ఆయన మీద చాడీ చెప్పినప్పుడల్లా విల్లు ఆగిపోయేది. ఏం చెబుతున్నానా అని వినేవాడు. ఉప్పు సంగతి చెప్పాను చూడు, అక్కడ ఎంతసేపు ఆగాడనుకున్నావు! నేను నవ్వి మాట మార్చాక మళ్ళా అందుకున్నాడు. మీ బావ అడుగుతున్నాడు అన్నాను కదా చివర్న, అప్పుడు గట్టిగా రెండు దెబ్బలు కొట్టాడు. అదే ఆయన సలాము. శిలార్ అది విని ఏడ్చానని చెప్పాడు. అదంతా ఏమైందిరా?"

సుబ్బరత్నంగారు ముక్కు తుడుచుకుంటూ, "మాది చల్లపల్లేనండీ. వేసంకాలంలో ఆ విల్లు చప్పుడు వినిపిస్తే ఎవరింట్లోనో పెళ్ళి పరుపులు సిద్ధమవుతున్నాయని మేం పిల్లలం పరిగెత్తేవాళ్ళం. మీ ఆయనేనేమో మరి" అన్నారు. ఈ మాట ఆవిడ మూడు నెలల ముందు ఎందుకు అనలేదని ఆవిడని అడగలేను కదా.

పాయసం ఎవరూ తినలేదు.

వాళ్ళు వెళ్ళీ వెళ్ళకముందే మా ఆయన హర్షవర్ధన్‌కి ఫోన్ చేశారు. ఆయన అరవగా నేను అంతకు ముందు వినలేదు. "ఎవరినడిగి తీశారండీ? మా నాయనండీ అది! చప్పుడు కాదు, మా నాయన!" ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. అవతల్నుంచి "సారీ సార్" అని వినిపించింది. ముందు ఎక్కించింది ఉందా అంటే లేదన్నాడు, హార్డ్‌డిస్కులో ఆ చోట్లో ఎప్పుడో వేరేవి పడిపోయాయన్నాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. పనమ్మాయి తోమి వెళ్ళిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను.

మర్నాడు హర్షవర్ధన్ నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, నేనేం చెప్పలేదండీ సార్‌కి. మీ ఇంటి సంగతి, మీరు చూసుకుంటారని. కానీ సార్ మా మ్యూజిక్ గ్రూపులో రాశారండీ, పాత టేపులు నాకివ్వొద్దని. ఇద్దరు వచ్చి తమవి వెనక్కి తీసుకెళ్ళారు."

"చెబుతానండీ. ఇవాళే చెబుతాను" అన్నాను.

చెప్పలేదు. ఆ రోజు అత్తగారికి బీపీ పెరిగింది, అందుకని చెప్పలేదు. మర్నాడు తగ్గింది, తగ్గిన మనిషికి మళ్ళీ పెంచడం ఎందుకని చెప్పలేదు. మూడోరోజు నుంచి కారణాలు వెతుక్కోవడం మానేశాను. కొడుకు మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే ఆవిడే ఓదార్చేవారు, "పోనీలేరా, నాకు లోపల వినపడుతూనే ఉంటది" అని. నాతో ఎప్పట్లాగే ఉన్నారు. దానిమ్మ గింజలు వొలిచిస్తే సగం నా గిన్నెలో వేస్తున్నారు. ఆ సగాన్ని ఆవిడ చూడకుండా మళ్ళీ ఆవిడ గిన్నెలోనే వేసేదాన్ని.

గది తలుపు మూసే ఉంది. ఈయన అటుకేసి వెళ్ళడం మానేశారు. ఏ ఇంటికెళ్ళినా చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు.

నెల తరవాత ఒక ఆదివారం పొద్దున్నే రికార్డు చేసే మిషను సంచిలో పెట్టుకుని బయల్దేరారు. ఇప్పుడంతా మిషన్ల మీదే ఏకుతున్నారు. విల్లు ఉన్నవాళ్ళు దొరకడమే కష్టం. ఎవరో చెబితే కూచిపూడి అవతల ఒక ఊళ్ళో దస్తగిరి అనే ముసలాయన్ని పట్టుకున్నారు. అటక మీంచి విల్లు దింపించి, కొత్త తంతి కట్టించి, అరుగు మీద కూర్చోబెట్టి రెండు గంటలు ఏకించారు. వారంరోజులు గదిలో తలుపేసుకుని, తల్లి మాటల వెనక ఆ చప్పుడు కలిపారు. ఉప్పు మాట దగ్గర ఆపారు. చివర్న రెండు దెబ్బలు పెట్టారు.

మళ్ళీ కుర్చీలో మేడ మీదికి మోశారు ఆవిణ్ణి. ఈసారి ఒకవైపు నేను పట్టుకున్నాను. ఆవిడ బరువే లేరు. ముగ్గురమే ఉన్నాం గదిలో. టుంయ్, టుంయ్, టుంయ్. నేల అదిరినట్టుంది. అత్తగారు శ్రద్ధగా, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, మొత్తం విన్నారు. ఉప్పు దగ్గర విల్లు ఆగింది. ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు.

అయిపోయాక కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

"బాగా ఏకుతున్నాడు. ఎవరు?"

"కూచిపూడి దగ్గర దస్తగిరి అనమ్మా."

"చెయ్యి తిరిగిన మనిషి. మీ నాయన అంత బాగా ఏకేవాడు కాదు, ఆయనకి భుజం నొప్పి. నాలుగో దెబ్బ ఎప్పుడూ తడబడేది. ఇంకోసారి వెయ్యబాకు నాయనా. ఇట్టా రెండుమూడు సార్లు విన్నానంటే నాకు లోపల ఉన్నది కూడా పోయి, ఈయనే మిగులుతాడు."

అప్పుడు ఏడ్చారు మా ఆయన. యాభై ఏళ్ళ మనిషి, ఆ స్పీకర్ల మధ్య నేల మీద కూలబడి, తల్లి మోకాలి మీద తల పెట్టి ఏడ్చారు. ఆ గదిలో ఏడుపు కూడా ఎక్కడికక్కడ ఆరిపోతుంది. గోడలు తాగేస్తాయి.

"నా వల్లేనమ్మా. ఆ మనిషికి ఇవ్వకుండా ఉండాల్సింది. పక్కన కూర్చుని చేయించుకోవాల్సింది. మా నాయన గొంతు వెతుకుదామని పోయి ఆయన్నే చెరిపేయించాను."

"ఊరుకో. ఆ అబ్బాయిని కూడా ఏమనబాకు. పాపం, అదేం చప్పుడో అతనికేం తెలుసు? అడుగుదామన్నా చెప్పేవాళ్ళెవరున్నారు?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. రెండు చేతులతో తలుపు తోసుకుని కిందికి వెళ్ళిపోవచ్చు. పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పొచ్చు, నిజంగానే ఉన్నాయి.

"నన్ను అడిగాడు అత్తమ్మా" అన్నాను.

మా ఆయన తలెత్తారు. ఆయన వింటారని నాకు తెలుసు, ఆ గదిలో గుసగుస కూడా వినపడుతుంది. కానీ అత్తగారికి అందలేదు. నా పెదాలు కదలడం చూసి ఎడమ చెవి నా వైపు తిప్పారు.

"ఏంటమ్మాయ్? గట్టిగా చెప్పు."

దగ్గరికి వెళ్ళాను. ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు, అప్పుడే అర్థమవుతోంది, అర్థం కాకూడదని కూడా ఉన్నట్టుంది. నేను ఆయన వైపు చూడకుండా ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా చెప్పాను.

"హర్షవర్ధన్ నన్ను అడిగాడు అత్తమ్మా. వినిపించాడు కూడా. అది దూదేకే విల్లని నాకు తెలుసు, మామయ్యదేనని తెలుసు. తెలిసే తీసేయమన్నాను. నలుగురూ వింటారని సిగ్గుపడ్డాను. ముందుది కూడా ఉంచొద్దని నేనే చెరిపించాను. ఆయన తప్పు కాదు, హర్షవర్ధన్ తప్పు కాదు. నాది. నేను తప్పు చేశాను."